ఓమ్ని డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆయిల్ కారుతోంది. గేర్‌బాక్సు దింపకుండా ఇంట్లోనే ఆపొచ్చా?

పాత ఓమ్ని (అంబాజీపేట)

1996 ఓమ్ని. పెట్రోలు, కార్బురేటర్ బండి, సీబీ పాయింట్ల (కాయిల్ కరెంటుని తెరిచి మూసే చిన్న స్విచ్చు) డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్కు కరెంటుని వరసగా ప్లగ్గులకి పంచేది. రాత్రి నిలిపిన చోట పొద్దున్నే అరచేతి వెడల్పున ఆయిల్ మరక ఉంటోంది. మరక పడేది ఇంజినుకీ గేర్‌బాక్సుకీ మధ్య, బెల్ హౌసింగ్ కింద. 500 కిలోమీటర్లకి పావు లీటరు దాకా తగ్గుతోంది. పొగ లేదు.

మెకానిక్ కింద దూరి చూసి "క్రాంకు (ఇంజిన్ ప్రధాన షాఫ్టు) వెనక సీలు పోయిందండి, గేర్‌బాక్సు దింపాల్సిందే" అన్నారు. ముందు సీటు ఎత్తి మూత తీసి చూస్తే డిస్ట్రిబ్యూటర్ మెడ చుట్టూ కూడా తడిగానే ఉంది. క్యాప్ విప్పితే లోపల పొడిగా ఉంది, పాయింట్ల మీద నూనె లేదు.

అడిగేది ఇదండి. లీకు ఎక్కణ్ణుంచో గేర్‌బాక్సు దింపకుండానే తేల్చుకునే దారి ఉందా? డిస్ట్రిబ్యూటరే అయితే దాని రబ్బరు రింగు ఇంట్లో మార్చుకోవచ్చా, టైమింగ్ (స్పార్కు పడే సమయం) పోకుండా? రింగు ఏ సైజు అడగాలి? చేతిలో స్పానర్ల సెట్టు, ఫీలర్ గేజి, వెర్నియర్ ఉన్నాయి. టైమింగ్ లైటు లేదు.


గేర్‌కేస్ (తణుకు)

గేర్‌బాక్సు మీద ఇప్పుడే ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి.

ఈ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్లో డిస్ట్రిబ్యూటర్ ఉండేది హెడ్డుకి వెనక కొసన, ఫ్లైవీల్ వైపు. కామ్‌షాఫ్టు (వాల్వులు తెరిచే షాఫ్టు) చివర ఒక గేరు, దాని మీద చిన్న అల్యూమినియం గేర్ కేసు, ఆ కేసులోకి గుచ్చినట్టు దిగి డిస్ట్రిబ్యూటర్ కూర్చుంటుంది. అక్కడ కారిన చుక్క హెడ్డు వెనక గోడ పట్టుకుని జారి, బెల్ హౌసింగ్ భుజం మీద నుంచి కిందకి దిగి, సరిగ్గా వెనక సీలు లీకైతే చుక్క ఎక్కడ పడుతుందో అక్కడే పడుతుంది. కింద నుంచి చూసేవాడికి రెండూ ఒకటే. నూనె పైకి పాకదు కదండి, కాబట్టి తడి ఎంత ఎత్తున మొదలైందో పైనుంచి వెతుక్కుంటూ దిగాలి.

పైనుంచి కిందకి అనుమానితులు వరసగా చెప్తాను. ట్యాపెట్ కవర్ (హెడ్డు మీది మూత) ప్యాకింగ్ వెనక మూల. దాని కింద డిస్ట్రిబ్యూటర్ మెడ చుట్టూ ఉండే ఓ-రింగు. తర్వాత గేర్ కేసు హెడ్డుకి అతుక్కునే ముఖం. అందరికన్నా చివర, క్రాంకు వెనక సీలు. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుకి లోపల ఉండే సీలు వేరే కథ, అది పోతే నూనె క్యాప్‌లోకి వస్తుంది. మీది లోపల పొడి అన్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టండి.

తేల్చుకునే పద్ధతి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డీజిల్లో ముంచిన బ్రష్షుతో ఆ చుట్టుపక్కలంతా కడిగి, గుడ్డతో పూర్తిగా తుడవండి. ప్లగ్ వైర్ల మీద, క్యాప్ మీద డీజిల్ పడనివ్వకండి. డీజిల్ వాసన పూర్తిగా పోయి ఆరేదాకా స్టార్ట్ చెయ్యొద్దు, ఎగ్జాస్ట్ దగ్గర ముఖ్యంగా. ఆరాక ట్యాపెట్ కవర్ అంచు, డిస్ట్రిబ్యూటర్ మెడ, గేర్ కేసు అతుకు, మూడు చోట్లా మొహానికి రాసుకునే పౌడరు చల్లండి. పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి, తర్వాత ఐదారు కిలోమీటర్లు తిప్పుకుని రండి. పౌడరు ఎక్కడ ముందు బూడిదరంగు తిరిగి గీతలా దిగిందో అదే మూలం. టార్చిలైటు, చిన్న అద్దం పక్కన పెట్టుకోండి. మెడ వెనక వైపు కంటికి కనబడదు, అద్దంలోనే చూడాలి.

పౌడరు మొత్తం పొడిగా ఉండి కింద మాత్రం చుక్క పడితే అప్పుడు మీ మెకానిక్ మాట నిజం.


బేరింగుల కొట్టు (భీమవరం)

రింగు సైజు గురించి. బండి పేరు చెప్పి అడిగితే సగం కొట్లలో "ఇదే వస్తుందండి" అని ఏదో ఒకటి చేతిలో పెడతారు. పాత రింగు పట్టుకెళ్ళి దానితో పోల్చి కొనడం అంతకన్నా పెద్ద పొరపాటు. పాతది ఏళ్ళ తరబడి నొక్కుకుపోయి ఉంటుంది. గుండ్రంగా ఉండాల్సిన సెక్షన్ (రింగు తాడు మందం) చపాతీ అంచులా పలకలు తిరిగి, గట్టిపడి, సాగిపోయి ఉంటుంది. దాని కొలతకే కొత్తది కొంటే మళ్ళీ లీకే కొన్నట్టు.

కొలవాల్సింది గాడిని. డిస్ట్రిబ్యూటర్ బయటికొచ్చాక వెర్నియర్‌తో నాలుగు కొలతలు రాసుకోండి: గాడి అడుగు వ్యాసం, గాడి పక్కన మెడ బయటి వ్యాసం, గాడి వెడల్పు, గేర్ కేసు రంధ్రం లోపలి వ్యాసం. రంధ్రం వ్యాసంలోంచి గాడి అడుగు వ్యాసం తీసేసి రెండుతో భాగిస్తే రింగుకి ఉన్న చోటు వస్తుంది. ఇలా కదలకుండా ఉండే సీలుకి రింగు సెక్షన్ 15 నుంచి 25 శాతం నొక్కుకోవాలి. ఉదాహరణకి చోటు 2.05 మి.మీ. వచ్చిందనుకోండి. 2.4 సెక్షన్ రింగు వేస్తే 0.35 నొక్కుకుంటుంది, అంటే 14-15 శాతం, బొటాబొటి. 2.5 వేస్తే 18 శాతం, హాయిగా ఉంటుంది. 2.62 వేస్తే 22 శాతం, అదీ పర్లేదు, కాకపోతే దిగేటప్పుడు బిగువుగా ఉంటుంది. 3 మి.మీ. తెచ్చి గట్టిగా నొక్కితే దిగదు, కోసుకుపోతుంది.

రింగు లోపలి వ్యాసం గాడి అడుగు వ్యాసం కన్నా 1 నుంచి 5 శాతం చిన్నగా ఉండాలి. అడుగు 24 ఉంటే 23, 23.5 అలా. పెద్దది వేస్తే వదులై, దింపేటప్పుడు గాడిలోంచి బయటికొచ్చి నలుగుతుంది. జపాన్ కొలతల పెట్టెలో 1.9, 2.4, 3.5 సెక్షన్లు ఉంటాయి. అంగుళాల పెట్టెలో 1.78, 2.62, 3.53. మీ గాడికి రెండు పెట్టెల్లోనూ వెతకమని చెప్పండి.

మీ వైపు కారు స్పేర్ల కొట్టులో దొరక్కపోతే బెంగ లేదు. చెరువుల ఏరియేటర్లకి గేర్‌బాక్సులు ఉన్నంత కాలం ఈ చుట్టుపక్కల బేరింగుల కొట్లలో ఆయిల్ సీళ్ళకి లోటు లేదు. ఓ-రింగులైతే కోత మిషన్లకీ, జేసీబీలకీ హైడ్రాలిక్ పైపులు కట్టే కొట్టులో సైజుల వారీ పెట్టెలే ఉంటాయి.

రబ్బరు రకం కూడా చెప్పాలి. నైట్రైల్ నల్లరింగు ఇంజిన్ ఆయిల్‌కి సరిపోతుంది, కానీ ఎప్పుడూ 100 డిగ్రీల దగ్గర ఉడుకుతుంటే కొన్నేళ్ళకి గట్టిపడుతుంది. వైటాన్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ధర కొన్ని రెట్లు ఎక్కువే గానీ ఒక్క రింగుకి అది లెక్కలోది కాదు. వైటాన్ అంటే గోధుమరంగు, ఆకుపచ్చ అని అందరూ చెప్తారు. నల్ల వైటాన్ ఉంటుంది, ఆకుపచ్చ రంగు వేసిన వేరే రబ్బరూ ఉంటుంది. రంగు చూసి కాదు, పెట్టె మీద రాసింది చూసి కొనండి.

చెరువు గట్టు మీద పీవీసీ పైపు యూనియన్లో ఉండే రింగు, బ్రేకు సిలిండర్ల రింగు మాత్రం సైజు ఎంత బాగా కుదిరినా వెయ్యొద్దు. బ్రేకు రబ్బరు, చాలా మటుకు నీటి రబ్బరు కూడా ఈపీడీఎం జాతి. నీళ్ళకి బంగారం, ఇంజిన్ ఆయిల్లో పడితే ఉబ్బి మెత్తబడిపోతుంది. రెండు వారాలు బ్రహ్మాండంగా ఆగి, తర్వాత ముందుకన్నా ఎక్కువ కారుతుంది.


పాత ఓమ్ని (అంబాజీపేట)

పౌడరు పరీక్ష అయ్యింది. ట్యాపెట్ కవర్ దగ్గర పొడి. డిస్ట్రిబ్యూటర్ మెడ వెనక వైపు, అద్దంలో, పావుగంటకే తడి గీత. గేర్ కేసు అతుకు పొడిగానే ఉంది. అంటే ఓ-రింగే కదండి?

ఇంకో చిక్కు. హోల్డింగ్ బోల్టు వదులు చేసి చేత్తో తిప్పితే డిస్ట్రిబ్యూటర్ కదలట్లేదు. అతుక్కుపోయినట్టుంది.


ఉప్పుగాలి (నరసాపురం)

అది ఇనుప తుప్పు కాదు, అల్యూమినియం మీద కట్టే తెల్ల పూత. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మెడకీ రంధ్రానికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో తెల్ల పొడి కట్టి, సిమెంటు పోసినట్టు బిగుసుకుపోతుంది. దానికి తోడు కారి కారి మాడిన నూనె జిగురు.

సుత్తితో కొట్టొద్దు. స్క్రూడ్రైవర్ సందులో పెట్టి ఎగదన్నొద్దు. డిస్ట్రిబ్యూటర్ ఒళ్ళు పోతపోసిన అల్యూమినియం, బోల్టు పట్టే చెవి టప్పున విరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే వాక్యూం డబ్బా పట్టుకుని తిప్పడం అసలే వద్దు, లోపల పొర చిరిగితే ఇంకో ఖర్చు.

బోల్టు పూర్తిగా తీసేసి, మెడ చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్నే ఇంజిన్ పది నిమిషాలు తిప్పి వెచ్చబెట్టండి. బోల్టు లేకుండా ఇంజిన్ తిప్పొద్దు, దీనికోసం బోల్టు మళ్ళీ వేసి బిగించండి. ఆపి, బోల్టు తీసి, ఒంటి చుట్టూ పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి రెండు చేతులా పట్టుకుని మెలితిప్పండి, పైకి లాగకండి. అటు రెండు డిగ్రీలు, ఇటు రెండు డిగ్రీలు. మొదట ఏమీ కదలనట్టే ఉంటుంది, తర్వాత కిర్రుమని ఒక్కసారి వదుల్తుంది. వదిలాక కూడా పది పదిహేనుసార్లు అటూ ఇటూ తిప్పి స్ప్రే ఇంకా దిగనిచ్చి, అప్పుడే పైకి.

అయితే ఇలా తిప్పే ముందే గుర్తులు పెట్టుకోవాలి. దాని సంగతి గేర్‌కేస్ గారు చెప్తే బాగుంటుంది.


గేర్‌కేస్ (తణుకు)

చెప్తానండి. ఈ పని మొత్తంలో చెడిపోయేది ఇక్కడే. రింగు మార్చడం ఐదు నిమిషాలు, బండి మళ్ళీ స్టార్ట్ కాక పడే అవస్థ రెండు రోజులు.

ముందు ఇంజిన్‌ని ఒకటో సిలిండర్ మంట స్థానానికి తెచ్చుకోండి. ప్లగ్గులు మూడూ తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. టాప్ గేరులో వేసి బండిని మెల్లగా నెట్టినా సరే, క్రాంకు పుల్లీ బోల్టుకి సాకెట్ పెట్టి తిప్పినా సరే, ఎప్పుడూ ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పండి. బెల్ హౌసింగ్ మీద రబ్బరు మూత ఉన్న చిన్న కిటికీ ఉంటుంది. మూత తీస్తే ఫ్లైవీల్ మీద 'టి' గుర్తు కనబడాలి. ఒకటో సిలిండర్ అంటే టైమింగ్ బెల్టు వైపుది. దాని ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి ఉంచండి. వేలిని తోసుకుంటూ గాలి బయటికొస్తుండగా 'టి' వస్తే అదే మనకి కావలసింది. గాలి లేకుండా 'టి' వచ్చిందంటే ఇంకొక పూర్తి చుట్టు తిప్పాలి.

ఇప్పుడు క్యాప్ తీయండి, వైర్లు దానికే ఉంచి పక్కకి పెట్టండి. రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో వైరుకి కరెంటు అందించే ముక్క) కొస ఒకటో వైరు వైపు చూస్తుండాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లో ఒక చుట్టు తప్పితే రోటర్ ఇంకో వైరుకి ఎదురుగా నిలబడి మభ్యపెడుతుంది. దీనికి మూడే వైర్లు, 120 డిగ్రీలకొకటి. చుట్టు తప్పితే రోటర్ రెండు వైర్ల మధ్య ఖాళీలోకి చూస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. మంట వరస 1-3-2.

బ్యాటరీ నెగటివ్ విప్పండి. వాక్యూం పైపు, పాయింట్ల వైరు తీయండి. ఇక మూడు గుర్తులు, గోళ్ళ రంగుతో పెడితే డీజిల్‌కి కూడా చెరగవు. మొదటిది డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ గేర్ కేసుకీ అడ్డంగా ఒకే గీత. రెండోది రోటర్ కొస ఎక్కడ చూస్తోందో ఒంటి అంచు మీద ఒక చుక్క. మూడోది చాలామంది పెట్టరు. అదేంటంటే, ఈ గేరు పళ్ళు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి డిస్ట్రిబ్యూటర్ పైకి లాగుతుంటే రోటర్ తనంతట తను కొంత తిరుగుతుంది. పళ్ళు పూర్తిగా విడిపోయిన క్షణాన రోటర్ కొస ఎక్కడ ఆగిందో అక్కడ రెండో చుక్క, వేరే రంగుతో. తిరిగి దింపేటప్పుడు రోటర్‌ని ఈ చివరి చుక్క దగ్గర ఉంచి మొదలెడితే, దిగేసరికి తిరుగుతూ వెళ్ళి మొదటి చుక్క మీద కూర్చుంటుంది. అలా కూర్చోకపోతే ఒక పన్ను అటో ఇటో పడ్డట్టు. పైకి తీసి మళ్ళీ దింపండి. "పర్లేదు, ఒళ్ళు తిప్పి సరిచేద్దాం" అనుకోవద్దు. పన్నెండు పళ్ళ గేరైతే ఒక పన్నుకి 30 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 60. బోల్టు గాడిలో అంత తిరిగే చోటు ఉండదు.

డిస్ట్రిబ్యూటర్ బయట ఉన్నంతసేపూ క్రాంకు కదలకూడదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకి రాళ్ళు వెయ్యండి, పిల్లలెవరూ తాళం తిప్పకుండా తాళం జేబులో పెట్టుకోండి.

గేర్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, అప్పుడే రంధ్రం లోపలి తెల్ల పూత తీయండి. పాత్రలు తోమే పచ్చ పీచుతో, రవ్వంత నూనె వేసి, చుట్టూ గుండ్రంగా రుద్దాలి. పైకీ కిందకీ రుద్దొద్దు. నిలువు గీత పడిందంటే రింగు కింద నుంచి నూనెకి మీరే బోదె తవ్వినట్టు. పాత రింగు తియ్యడానికి స్క్రూడ్రైవర్ మొన వాడకండి, గాడి గీసుకుపోతుంది. కొబ్బరి ఈనె చాలు. మీ ఊళ్ళో దానికి కరువా!

కొత్త రింగుకీ రంధ్రం అంచుకీ ఇంజిన్ ఆయిల్ రాయండి. గాడిలో మెలి పడకుండా కూర్చోబెట్టాలి. రింగు మీద అచ్చు గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే వరసలో కనబడితే మెలి లేనట్టు. దింపేటప్పుడు కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ అరచేత్తో నొక్కాలి. చివరి నాలుగైదు మి.మీ.లో రింగు బిగువు చేతికి తెలుస్తుంది. నెలవంకలా నల్ల రబ్బరు తొక్క అంచున బయటికొస్తే రింగు కోసుకుపోయిందని అర్థం, అందుకే రెండు కొనండి. దింపే ముందు గేరు మీద రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోయండి. కేసులో ఉన్న నూనె తుడుచుకుపోయి ఉంటుంది, మొదటి నిమిషం గేరు పొడిగా తిరగకూడదు.


పాతబండి (రావులపాలెం)

ఇంత శ్రమ ఎందుకండి? బయట నుంచి అనాబాండ్ గమ్ దట్టంగా రాసేస్తే ఆగిపోతుంది కదా. రింగు ఉన్నా కూడా పైన కాస్త గమ్ రాస్తే ఇంకా గట్టి.


గేర్‌కేస్ (తణుకు)

బయట రాసింది నూనె తడి మీద పట్టదు. పట్టినా వారం. లోపల రింగు మీద రాస్తే అంతకన్నా ప్రమాదం. డిస్ట్రిబ్యూటర్ అనేది టైమింగ్ కోసం తిప్పాల్సిన వస్తువు. గమ్ ఆరాక తిప్పితే ముక్కలై, లోపలి వైపు ముక్క గేర్ కేసులోంచి హెడ్డులోకి, అక్కణ్ణుంచి ఆయిల్‌తో పాటు సంపులోకి (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) పోతుంది. అక్కడ ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఆయిల్ లైటు వెలుగుతుంది, ఇంజిన్ పోతుంది. గేర్ కేసుకీ హెడ్డుకీ మధ్య అతుకు లీకైతే మాట వేరు, అది తిరిగేది కాదు. అక్కడ కూడా ప్యాకింగ్‌కి పల్చగా పూస్తే చాలు.


టైమింగ్ గీత (కాకినాడ)

టైమింగ్ లైటు లేదన్నారు కాబట్టి. మీది పాయింట్ల బండి కావడం అదృష్టం, 12 వోల్టుల బల్బు ఒకటి చాలు. ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్‌కి ఈ పద్ధతి పనికిరాదు.

ముందు పాయింట్ల సందు చూసుకోండి, ఎందుకంటే సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది. కామ్ ముడి (షాఫ్టు మీద పాయింట్లని తెరిచే ఉబ్బు) మీద పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.4 నుంచి 0.5 మి.మీ. ఫీలర్ బ్లేడు నూనె లేకుండా తుడిచి పెట్టండి. పాయింట్ల మీద నూనె మరక పడితే మాడి నల్లబడుతుంది.

తర్వాత క్రాంకుని, బండి మీద స్టిక్కర్లో ఇచ్చిన డిగ్రీల గుర్తుకి తీసుకురండి. అది 'టి' కన్నా ముందు వస్తుంది. దాటిపోతే వెనక్కి తిప్పి ఆపొద్దు. ముందుకే ఇంకో రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ గుర్తుకి రండి, అప్పుడే, గేరు పళ్ళ మధ్య ఆట ఒకవైపే ఉంటుంది. బల్బు ఒక వైరు కాయిల్ నుంచి పాయింట్లకి వచ్చే సన్న వైరు దగ్గర, ఇంకో వైరు ఒంటికి. బ్యాటరీ కలిపి తాళం ఆన్ చేయండి. పాయింట్లు మూసి ఉంటే బల్బు ఆరి ఉంటుంది, తెరుచుకుంటే వెలుగుతుంది. బోల్టు కాస్త వదులు చేసి, ఒంటిని రోటర్ తిరిగే దిశలో తిప్పి బల్బు ఆర్పండి. తర్వాత దానికి ఎదురు దిశలో మెల్లిగా, వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వచ్చి, బల్బు వెలిగిన క్షణాన ఆపి బోల్టు బిగించండి. బిగించేటప్పుడు ఒళ్ళు కదిలిపోతుంది, అందుకని బిగించాక ఇంకోసారి చూసుకోవాలి. పాయింట్లు మూసి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిల్ ఊరికే వేడెక్కుతుంది, పని కాగానే ఆపండి.

దొరికితే ఎవరి దగ్గరైనా లైటు తెచ్చుకుని, వాక్యూం పైపు తీసి దాని నోరు మూసి, ఐడిలింగ్‌లో ఒకసారి సరిచూసుకోవడం మంచిదే.


వీటెక్ కాని సిటీ (రాజమండ్రి)

ఇదే దారంలో నాదీ అడుగుతున్నా. 2000 హోండా సిటీ, మొదటి మోడల్. దీనికి నూనె బయట కాదు, క్యాప్ లోపల. వానాకాలం పొద్దున్నే మిస్ కొడుతోంది. క్యాప్ తుడిస్తే పది రోజులు బాగుంటుంది. రింగు మార్చితే పోతుందా?


షాఫ్టు బుష్షు (పాలకొల్లు)

పోదండి. బయటి రింగు ఒళ్ళు కారకుండా ఆపుతుంది, అంతే. క్యాప్‌లోకి నూనె వస్తోందంటే షాఫ్టు చుట్టూ ఉండే లోపలి సీలు పోయింది. వానాకాలం ఎక్కువ కావడానికి కారణం, నూనె పొర మీద కార్బన్ పొడి, గాలిలో తేమ కలిసి క్యాప్ లోపల సన్నటి దారి కడతాయి. దాని వెంట కరెంటు పక్క వైరుకి దూకుతుంది. టార్చి వేసి చూస్తే చెట్టు వేళ్ళలాంటి నల్ల గీతలు కనబడతాయి. అవి పడ్డాక తుడిచినా లాభం లేదు, క్యాప్ మార్చాలి.

హోండాలో ఆ లోపలి సీలు కంపెనీ విడిగా ఇవ్వదు. సైజు చూసి బయట సీలు వేసేవాళ్ళున్నారు. కానీ దాంట్లో కాయిల్, ఇగ్నైటర్, సెన్సర్లు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, షాఫ్టు లాగితే వాటి సందులు చూసి మళ్ళీ కూర్చోబెట్టాలి. ఇంటి పనిగా నేను చెప్పను. మంచి డిస్ట్రిబ్యూటర్ దొరికితే మొత్తం మార్చడమే మేలు. మార్చడం మాత్రం తేలిక: 12 స్పానర్‌తో మూడు బోల్టులు, కొసన నాలుకలు మధ్యకి కాకుండా పక్కకి ఉంటాయి కాబట్టి కామ్‌షాఫ్టులోకి ఒక్క తీరునే దిగుతుంది. దిగకపోతే షాఫ్టుని సగం చుట్టు తిప్పండి, బోల్టులతో లాగి బిగించకండి. ఎస్టీమ్‌కి కూడా ఇదే నాలుకల పద్ధతి, పైన చెప్పిన పళ్ళ లెక్క దానికి లేదు.

ఓమ్ని, 800, అంబాసిడర్ లాంటి పాత పాయింట్ల డిస్ట్రిబ్యూటర్లో లోపలి సీలు ఉంటే ఇంట్లో మార్చుకోవచ్చు, ముందు ఒక పరీక్ష ఉంది. రోటర్ పట్టుకుని షాఫ్టుని పక్కకి ఆడించండి. టకటకమని ఆట తెలిస్తే బుష్షు (షాఫ్టు తిరిగే లోహపు గొట్టం) అరిగింది. బుష్షు మార్చకుండా కొత్త సీలు వేస్తే షాఫ్టు ఊగుతూ సీలు పెదవిని (షాఫ్టుకి ఆనే అంచు) ఒకవైపే తొక్కుతుంది, ఆరు నెలలు కూడా ఆగదు. పైగా పాయింట్ల సందు ఒక్కో ముడికి ఒక్కోలా వస్తుంది.

ఆట లేకపోతే: గేరుకి, షాఫ్టుకి కలిపి ఒక గుర్తు గీయండి. గేరు సగం చుట్టు తిరిగి కూర్చున్నా దాన్ని షాఫ్టుకి పట్టి ఉంచే పిన్ను దూరుతుంది, అప్పుడు పళ్ళు వేరే చోట పడతాయి. గేరుని చెక్క దిమ్మ మీద ఆనించి పిన్ను కొట్టండి, షాఫ్టు గాలిలో ఉంటే వంగుతుంది. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. సీలు మీద మూడు అంకెలుంటాయి: షాఫ్టు వ్యాసం, బయటి వ్యాసం, మందం. స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకి. బయటి వ్యాసానికి దగ్గరగా ఉన్న సాకెట్ పెట్టి సమంగా కొట్టి దింపండి. షాఫ్టు మీద పాత పెదవి తొలిచిన గీత గోరుకి తగిలితే, చోటు ఉంటే కొత్త సీలుని ఒక మి.మీ. పైకో కిందకో కూర్చోబెట్టండి. పెదవి కొత్త చోట ఆనుతుంది. పాత పిన్ను మళ్ళీ వాడొద్దు.


పాత ఓమ్ని (అంబాజీపేట)

మెలితిప్పే పద్ధతిలో వదిలింది. పాత రింగు గోరుతో గుచ్చినా దిగట్లేదు, వంచితే విరిగింది. వైటాన్ వేశాను. రోటర్ మొదటి ప్రయత్నంలో ఒక పన్ను పక్కన పడింది, తీసి మళ్ళీ దింపితే చుక్క మీదకి వచ్చింది. బల్బుతో టైమింగ్ పెట్టాను, అరసెల్ఫుకే స్టార్ట్ అయ్యింది.

మళ్ళీ పౌడరు చల్లి 40 కిలోమీటర్లు తిప్పాక, మెడ దగ్గర పూర్తిగా పొడి. కానీ ఇప్పుడు ట్యాపెట్ కవర్ వెనక మూల సన్నగా తడి. ముందు అక్కడ లేదు. ఆయిల్ పోసే మూత తీస్తే ఐడిలింగ్‌లో గాలి పుస్ పుస్ మని వస్తోంది.


గేర్‌కేస్ (తణుకు)

ఒక కంత మూస్తే ఇంకో కంతలోంచి వస్తోందంటే లోపల ఒత్తిడి ఉంది. ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్ళే బ్రీదర్ పైపు తీసి నోటితో ఊది చూడండి. నల్ల జిగురుతో మూసుకుపోయి ఉండొచ్చు, లేదా వంపు దగ్గర మెత్తబడి నొక్కుకుపోయి ఉండొచ్చు. పైపూ, అది తగిలే రెండు గొట్టాలూ డీజిల్లో కడిగి ఆరబెట్టి పెట్టండి. నొక్కుకుపోతే ఆయిల్‌కి ఆగే పైపు వెయ్యండి, నీళ్ళ పైపు వద్దు. డిప్‌స్టిక్ మీద నూనె పై గీత దాటి ఉంటే దాన్నీ తగ్గించండి. లీకు బండికి "కాస్త ఎక్కువే పోద్దాం" అని పోసే అలవాటు అందరికీ ఉంటుంది, అదే ఇంకో లీకు తెస్తుంది.

పైపు శుభ్రం చేశాక మూత తీసి బోర్లించి రంధ్రం మీద ఊరికే పెట్టండి, బిగించకుండా. ఐడిలింగ్‌లో అది కొద్దిగా అదిరితే మామూలే. ఎగిరి పక్కన పడుతుంటే పిస్టన్ రింగులు అరిగి మంట గాలి కిందకి దిగుతోంది. అప్పుడు కంప్రెషన్ పరీక్ష చేయించి గానీ ఇంకో ప్యాకింగ్ కొనకండి.


పాత ఓమ్ని (అంబాజీపేట)

పైపు వంపు దగ్గర పూర్తిగా మూసుకుపోయి ఉందండి. కడిగి పెట్టాక మూత ఎగరట్లేదు, అదురుతోంది అంతే. ట్యాపెట్ కవర్ బోల్టులు చూస్తే వెనక రెండు వేళ్ళతోనే తిరిగాయి.


గేర్‌కేస్ (తణుకు)

వాటిని మరీ లాగి బిగించకండి. రేకు కవరు వంగితే ప్యాకింగ్ ఏదైనా ఆగదు. ప్యాకింగ్ మెత్తగా ఉంటే బోల్టులు మధ్య నుంచి బయటికి కొంచెం కొంచెంగా బిగించి పౌడరు ఇంకోసారి చల్లి చూడండి. గట్టిపడితే మార్చడమే.